పాతికేళ్లు పెంచే ఓపిక ఉంటేనే చిలకను ఇంటికి తీసుకురండి

ఈ ఊళ్లో చిలకను ఇక పెంచలేం అనుకున్నవాళ్లు ఫోన్ చేసే నంబర్లు నాలుగైదు ఉంటే అందులో నాది ఒకటి. కొన్నేళ్లుగా మేం కొద్దిమందిమి, ఎవరింట్లో వీలుంటే వాళ్లింట్లో ఈ పక్షుల్ని ఉంచుకుని, మంచి ఇల్లు చూసి పంపుతున్నాం. శివరాత్రి వెళ్లినప్పటి నుంచి ఆ పని ముందుకు సాగడం లేదు. వచ్చేవి వస్తూనే ఉన్నాయి, తీసుకెళ్లేవాళ్లు మాత్రం లేరు. మా ముందుగదిలో, బాల్కనీలో, పడగ్గది కిటికీ పక్కన అన్నీ పంజరాలే. ఇంకొక్కటి వస్తే పెట్టడానికి జాగా లేదు. ఆ మాటే చెబితే, "మీరూ కాదంటే తలుపు తీసి వదిలేస్తాం, ఆపైన దాని అదృష్టం" అంటున్నారు. పోయిన వారం ఒకే రోజు ఇద్దరు ఆ మాట అన్నారు. ఇక ఊరుకుంటే లాభం లేదని ఇది రాస్తున్నాను.

చెప్పాల్సింది చిన్న సంగతే. చిలక పాతికేళ్లు బతుకుతుంది. సరిగ్గా చూసుకుంటే రామచిలకే పాతికేళ్లు ఉంటుంది. ఎర్రతోక ఉండే ఆఫ్రికన్ గ్రే అయితే నలభై, యాభై ఏళ్లు కూడా ఉంటుంది. మీ అబ్బాయి ఐదో తరగతిలో ఉండగా మారాం చేశాడని కొన్న పక్షి వాడి ఇంజనీరింగ్ చూస్తుంది, పెళ్లి చూస్తుంది, వాడి పిల్లల్నీ చూస్తుంది. కొనేముందు ఇంట్లో నలుగురూ కూర్చుని ఈ పాతికేళ్ల లెక్క వేసినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. ధర బేరమాడినవాళ్లు, రంగు ఎంచుకున్నవాళ్లు, మాట్లాడుతుందా లేదా అని పదిసార్లు అడిగినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ఒక ఆఫ్రికన్ గ్రే సంగతి వినండి. వయసు పదకొండేళ్లు. ఇప్పటికే మూడు ఇళ్లు మారింది. మొదట ఒక సాఫ్ట్‌వేర్ జంట గుడ్డు పగిలిన కొద్దివారాలకే కొని, సిరంజితో గంజిలాంటి మేత పట్టి పెంచారు. వీసా వచ్చింది, పక్షిని ఊళ్లో ఉన్న అమ్మానాన్నల దగ్గర దించేసి విమానం ఎక్కారు. పెద్దాయనకు ఆయాసం, ఈకల పొడి పడదని డాక్టరు చెప్పడంతో అది మేనమామ ఇంటికి చేరింది. అక్కడ చంటిబిడ్డ పుట్టింది, పక్షి అరుపులకు నిద్ర లేస్తోందన్నారు. అలా మా ఇంటికొచ్చింది. వచ్చేనాటికి దాని ఛాతీ మీద ఒక్క ఈక లేదు, తొడల దాకా తానే పీకేసుకుంది. పరీక్షలన్నీ చేయించాం, ఒంట్లో రోగమేం బయటపడలేదు. కుక్కర్ కూత కూస్తుంది, లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు చేస్తుంది. సాయంత్రం ఏడు దాటాక ఓ కుర్రాడి గొంతుతో "మమ్మీ, వచ్చేశా" అంటుంది. ఆ గొంతు గల అబ్బాయి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు.

మూడు ఇళ్లు. ఏ ఇంట్లోనూ దాన్ని కొట్టినవాళ్లు లేరు, పస్తు పెట్టినవాళ్లూ లేరు. అందరూ మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. పాతికేళ్ల మాట ఒక్కటే ఎవరికీ తట్టలేదు.

నేను చిలకల్ని పెంచొద్దనడం లేదు. ఈ పక్షితో బతకడంలో ఎంత ఆనందముందో నాకు తెలుసు కనుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. నమ్మకం కుదిరిన చిలక తల వంచి, మెడ మీద ఈకలు నిక్కబొడిచి, గోకమని అడుగుతుంది. వేలు ఆపితే కాలితో లాగి మళ్లీ పెట్టుకుంటుంది. మన కనుబొమలోని వెంట్రుకలు ఒక్కొక్కటే ముక్కుతో దువ్వుతుంది, గట్టి గింజలు పగలగొట్టగల ఆ ముక్కుతోనే. ఉత్సాహం వస్తే దాని కంటిపాప చిన్నదై పెద్దదై మళ్లీ చిన్నదవుతుంది. జామకాయ ఇస్తే ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో పట్టుకుంటుంది. గుజ్జంతా ఊసేసి గింజల్ని మాత్రం నాలుకతో తిప్పి తిప్పి నములుతుంది. తెలివి మాటకొస్తే, ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ముప్ఫై ఏళ్లు అలెక్స్ అనే గ్రే చిలకతో పనిచేసింది. 2007లో చనిపోయేనాటికి అది వందకు పైగా పేర్లు చెప్పేది, రంగులు, ఆకారాలు గుర్తుపట్టేది, ఆరు దాకా లెక్కపెట్టేది. ఇంత బుర్ర ఉన్న ప్రాణిని ఒక గుండ్రటి ఇనపపంజరంలో పెట్టి, పొద్దుతిరుగుడు గింజలు పోసి, టీవీ ముందు వేలాడదీసి, అది సంతోషంగా ఉందని మనకు మనమే చెప్పుకుంటున్నాం.

కష్టాలు కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే అమ్మేవాడు చెప్పడు. చిలక పొద్దున్నే, సందెవేళ అరుస్తుంది. అడవిలో గుంపంతా ఎక్కడుందో కనుక్కునే పిలుపది, దాన్ని మాన్పించలేరు. సన్ కన్యూర్ అరిస్తే మూడు ఫ్లోర్లకు వినబడుతుంది, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు మారుమోగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు భుజమెక్కి ముద్దులాడినది రెండు మూడేళ్లు వచ్చి ఈడుకు రాగానే కరవడం మొదలెడుతుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఆ వయసువే. "ఇదివరకు ఎంత మంచిదో, ఇప్పుడు దీనికేదో అయిందండీ" అంటారు. దానికేమీ కాలేదమ్మా, పెద్దదైంది. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై ఎదురు మాట్లాడితే వాళ్లనీ వదిలేస్తున్నారా?

తిండి సంగతి. జామకాయ, పచ్చిమిర్చి మన పెద్దవాళ్లు పెట్టినవే, మంచివే. కానీ ఏడాది పొడుగునా పొద్దుతిరుగుడు గింజలే పోస్తే కాలేయానికి కొవ్వు పడుతుంది, ఎ విటమిన్ అందక ముక్కూ ఊపిరీ దెబ్బతింటాయి. తోటకూర, మునగాకు, క్యారెట్, చిలగడదుంప, మొలకెత్తిన పెసలు పెట్టండి. అవొకాడో, చాక్లెట్ విషం. టీలో ముంచిన బిస్కెట్ పెట్టి వీడియో తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిద్ర రాత్రికి పది, పన్నెండు గంటలు కావాలి. మీ సీరియళ్లు అయ్యేదాకా హాల్లో లైటు వెలుగుతుంటే ఆ నిద్ర ఎక్కణ్నుంచి వస్తుంది?

పక్షి ఊపిరితిత్తులు మనవాటిలాంటివి కావు, గాలిలో ఉన్న విషం దాని ఒంట్లోకి చాలా తొందరగా ఎక్కుతుంది. నాన్‌స్టిక్ పెనం స్టవ్ మీద మరిచిపోయి మాడితే వచ్చే పొగకు పక్క గదిలో ఉన్న చిలక నిమిషాల్లో చచ్చిపోతుంది. దోమల కాయిల్, సాంబ్రాణి, రూమ్ స్ప్రే, సిగరెట్ కూడా దానికి పడవు. ఇంట్లో వదిలిన చిలకలకు మన దేశంలో యముడు సీలింగ్ ఫ్యాను. స్విచ్ ఆఫ్ చేయకుండా పంజరం తలుపు తీయొద్దని ఇంట్లో పనిమనిషి దగ్గర్నుంచి చుట్టాల దాకా అందరికీ చెప్పి ఉంచాలి. జబ్బు చేస్తే చివరిదాకా దాచుకోవడం దీని నైజం. ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. అప్పుడు పరుగెత్తడానికి పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దొరకాలి. పెద్ద నగరాలు దాటితే అలాంటివాళ్లు ఎక్కడున్నారో వెతికి చూడండి.

ఇక రామచిలక. ఈ మాట చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. మెడ చుట్టూ గులాబీ పట్టీ ఉన్న రామచిలక, భుజాన ఎర్రమచ్చ ఉండే పెద్దరకం, తల రేగుపండు రంగులో ఉండే చిన్నరకం ఇవన్నీ మన అడవి పక్షులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. "మా తాతల నాటి నుంచి పెంచుతున్నాం" అనే జవాబు చట్టం ముందు చెల్లదు. చిలక జోస్యం చెప్పేవాడి దగ్గర చిన్న పెట్టెలోంచి రెక్కలు కత్తిరించిన పక్షి బయటికొచ్చి కార్డు తీస్తుంటే పది రూపాయలిచ్చి ముచ్చటపడేది కూడా మనమే.

రామచిలకల్ని పట్టి అమ్మే ఘోరం ఈ కాలంలోనే ఎక్కువ. చలి తగ్గేవేళకు చిలకలు చెట్టుతొర్రల్లో గుడ్లు పెడతాయి. ఈకలు కూడా సరిగా రాని పిల్లల్ని తొర్రలోంచి లాగి, బుట్టల్లో కుక్కి సంతలకు తెస్తారు. దారిలో చచ్చినవి చావగా మిగిలినవి మీ ముందుకొస్తాయి. కొందరు జాలిపడి కొంటారు, "కనీసం ఒక్కదాన్నైనా కాపాడాం" అంటారు. కాపాడలేదండీ. మీరిచ్చిన డబ్బు జేబులో వేసుకుని వాడు మర్నాడే ఇంకో తొర్రలో చెయ్యి పెడతాడు. కొనకుండా అటవీశాఖకు ఫోన్ చేయండి, అదే జాలి.

ఇప్పటికే ఇంట్లో రామచిలక ఉంటే దాన్ని కిటికీలోంచి వదలొద్దు. చేతిమేతతో పెరిగిన పక్షికి తిండి వెతుక్కోవడం రాదు, గద్దను చూసి దాక్కోవడం తెలియదు. సాయంత్రానికి కాకుల పాలో పిల్లుల పాలో అవుతుంది. అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.

విదేశీ చిలకల్ని పెంచడం నేరం కాదు, అయితే కాగితం కావాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారం, వన్యజీవుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ జాబితాలోని పక్షుల్ని పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా ఆ సంగతి చెప్పాలి. బడ్జీలు, కాకటీల్స్ ఆ జాబితాలో లేవు. గ్రే, మకావ్, కాకటూ, కన్యూర్ ఉన్నాయి. గ్రే చిలకను 2016లోనే సైట్స్ మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. ఎందుకంటే పెంపకం కోసం పట్టి పట్టి, అడవులు కొట్టి కొట్టి, ఘానాలో 1990ల తొలినాళ్లతో పోలిస్తే 90 శాతానికి పైగా గ్రేలు లేకుండా పోయాయి. మీ హాల్లో ఉన్నది ఇక్కడి బ్రీడర్ దగ్గర పుట్టిందే కావచ్చు, దాని తాతముత్తాతలు అక్కడివే. కాగితం చూపించలేని బ్రీడర్ దగ్గర కొనకండి.

ఇప్పుడు నేను అడిగేవి.

ఈ వేసవికి ఎవరూ చిలకపిల్లను కొనొద్దు. సెలవులకు పిల్లలకు కాలక్షేపమని అసలే వద్దు, సెలవులు రెండు నెలలు, చిలక పాతికేళ్లు.

నిజంగా పెంచాలని ఉన్నవాళ్లు ముందు మా ఇంటికి రండి. ఒక పూట కూర్చోండి. అరుపు వినండి, పంజరం కడగండి, ఒకసారి కరిపించుకోండి. అప్పటికీ మనసు మారకపోతే పిల్లను కొనకుండా, వదిలేసిన పెద్దపక్షిని తీసుకోండి. పెద్దపక్షి మాలిమి కాదని ఎవరో అంటే నమ్మకండి. నెలలు పడుతుంది, అంతే.

ఇప్పటికే పెంచుతున్నవాళ్లు మీ తర్వాత ఎవరు చూస్తారో ఈ వారమే ఇంట్లో మాట్లాడుకోండి. వీసాకు కాగితాలు పెట్టేరోజే పక్షి సంగతి కూడా తేల్చుకోండి, టికెట్ కొన్నాక నాకు ఫోన్ చేయొద్దు. అమ్మానాన్నల మీద పడేసి వెళ్లడం ఏర్పాటు కాదు. ముద్దాడినన్నాళ్లూ మీదై, బరువైన రోజున మాదవుతుందా?

పెంచే వీల్లేనివాళ్లు కూడా సాయం చేయొచ్చు. పెద్ద పంజరం అటకమీద ఖాళీగా ఉంటే ఇవ్వండి, రెక్కలు రెండూ పూర్తిగా చాపుకోగలిగినంతది. మందు కొట్టని జామకొమ్మలు, వేపకొమ్మలు, కొబ్బరిచిప్పలు తెచ్చివ్వండి. కొరకడానికి ఏదీ లేకపోతే అవి తమ ఈకల్నే కొరుక్కుంటాయి. పశువైద్యులకు ఒక మనవి, మీలో ఒక్కరు నెలకు ఒక ఆదివారం ఇస్తే మాకు కొండంత అండ. ఊరికి వెళ్తూ పదిరోజులు చూసుకోమనేవాళ్లు ఒకరికొకరు సాయపడేలా జాబితా ఒకటి రాస్తున్నాం, అందులో మీ పేరు చేర్చండి.

పోయిన ఏడు ఇలాగే అడిగాను. చదివి "అయ్యో పాపం" అన్నవాళ్లు చాలామంది, పంజరం పట్టుకెళ్లినవాళ్లు ఇద్దరు. "అయ్యో పాపం" తిని చిలక బతకదు. మూడు ఇళ్లు మారిన ఆ గ్రేకు నాలుగో ఇల్లు కావాలి, అదే ఆఖరిది కావాలి. పగలంతా ఇంట్లో ఎవరో ఒకరుండే కుటుంబం, అరుపుకు భయపడని ఇరుగుపొరుగు, బీరువాలో పాస్‌పోర్టు కదలకుండా ఉన్న మనుషులు ఉంటే చాలు. నమోదు కాగితాలు మేమే చేయిస్తాం. దాని వెనకాల ఇంకొన్ని వరసలో ఉన్నాయి. రాగలిగినవాళ్లు ఈ ఆదివారమే రండి. రాలేనివాళ్లు కనీసం కొనకండి.