తాబేళ్ల లెక్క, ఇసుక వేడి: మన పిల్లల సైన్సు ప్రాజెక్టుకు ఒక పాఠం

2025 ఫిబ్రవరిలో మన గంజాం జిల్లా రుషికుల్య ముఖద్వారం దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయని మీరు పేపర్లలో చదివే ఉంటారు. 2023 నాటి రికార్డు కూడా దాంతో దాటిపోయింది. సంతోషించాల్సిన వార్తే. అయితే ఆ లెక్క ఒడ్డుకొచ్చిన తల్లులది మాత్రమే. ఎన్ని పిల్లలు బతికి బయటపడతాయి, వాటిలో మగవెన్ని, ఆడవెన్ని అన్నది ఆ అంకెలో లేదు. దానికి ఇసుక వేడిని కూడా చూడాలి.

పిల్లలూ, మనుషుల్లో ఆడా మగా అన్నది క్రోమోజోములను బట్టి ఉంటుంది. సముద్ర తాబేళ్లలో అలా కాదు. గుడ్డు పొదిగే కాలం మధ్యలో గూడు ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ పుడతాయి. అంతకంటే చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. వేడి మరీ పెరిగి 35 దాటి అలాగే ఉంటే లోపలి పిండమే చనిపోవచ్చు. ఒక్కో తల్లి సుమారు 100 గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి ఏడు వారాలు అటూ ఇటూగా పడుతుంది. అంటే ఫిబ్రవరి చివర పెట్టిన గుడ్లు ఏప్రిల్ ఎండల దాకా ఇసుకలోనే ఉంటాయి.

అయితే ఎండలు ముదిరితే అన్నీ ఆడవే అని చెప్పేయొచ్చా? తొందరపడకూడదు. ఒక వాన పడితే ఇసుక చల్లబడుతుంది. అల వచ్చి గూడు మునిగితే గుడ్లు వేడి వల్ల కాకుండా నీటి వల్ల పాడవుతాయి. బీచి కోసుకుపోతే గూడే ఉండదు. ఇన్ని కారణాలు కలిసి ఉన్నప్పుడు వేడి పని ఎంతో తెలియాలంటే, మిగతావన్నీ సమానంగా ఉంచి వేడి ఒక్కటే మార్చి చూడాలి. శాస్త్రవేత్తలు గుడ్లను పెట్టెల్లో ఉంచి, ఒక్కో పెట్టెకు ఒక్కో ఉష్ణోగ్రత పెట్టి ఈ సంగతి తేల్చారు.

ఆ పని మీరు తాబేలు గుడ్లతో చేయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది మొదటి షెడ్యూలు జీవి. గూడు తవ్వడం, గుడ్డు తీయడం నేరం. అదే ఆలోచనను పెసలతో చేయొచ్చు. మూతలున్న ఆరు స్టీలు డబ్బాలు తీసుకోండి. ఒక్కోదానిలో తడిగుడ్డ పరిచి, నానబెట్టిన 50 పెసలు వేయండి. నీళ్లు అన్నిటికీ కొలిచి ఒకే అంత పోయండి. మూడు డబ్బాలను ఎండ తగిలే చోట, మూడింటిని చెట్టు నీడన, జానెడు లోతు ఇసుకలో పాతండి. డబ్బాల పక్కన ఇసుక వేడిని రోజుకు మూడుసార్లు రాయండి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, ల్యాబ్‌ది అడగండి. రోజుకోసారి ఒక నిమిషం మూత తీసి గాలి తగలనిచ్చి, మూడో రోజున ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, వేరు పొడవు స్కేలుతో కొలవండి.

మూత ఎందుకంటే, తెరిచి పెడితే ఎండలోది త్వరగా ఎండిపోతుంది, వెలుతురూ ఎక్కువ తగులుతుంది. అప్పుడు మొలకలు తగ్గింది వేడి వల్లో, తడి లేకో, వెలుతురు వల్లో చెప్పలేరు. చాలా స్కూలు ప్రాజెక్టులు తప్పేది ఇక్కడే.

తల్లిదండ్రులకు ఒక మాట. రంగుల చార్టు, థర్మోకోల్ మోడల్ మీరు చేసిపెడితే బాగుంటాయి గానీ, పిల్లలకు మిగిలేది తక్కువ. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసమే ఉంది. అక్కడ అడిగేది కూడా పిల్లలు స్వయంగా చేసిన పనినే. కాబట్టి డబ్బాలు, పెసలు మీరు ఇవ్వండి. లెక్క వాళ్లనే పెట్టనివ్వండి. ఎండలో, నీడలో ఒకేలా మొలిస్తే అంకెలు మార్చమని చెప్పకండి. తేడా లేదన్నదీ ఫలితమే.

రోజువారీ నోటుబుక్కు తెలుగులో రాయించండి. మన తీరంలో పొడంపేట లాంటి ఊళ్లలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా ఈ తాబేళ్లను చూస్తున్నారు. ఇసుక, వాన, అల గురించి వాళ్లను అడిగినదంతా అదే పుస్తకంలో, అదే మాటల్లో రాసుకోవచ్చు.