తెర మీది చుక్క, పళ్లెం మీది చుక్క

చల్లని స్టీలు పళ్లెం మీద కొవ్వొత్తి మైనం చుక్క పడడం మీరు చూసే ఉంటారు. పడగానే కొంచెం పరుచుకుంటుంది. ఇంతలో అంచు గడ్డకడుతుంది, చుక్క ఆగిపోతుంది. పళ్లెం వేడిగా ఉంటే అదే చుక్క ఇంకా వెడల్పుగా, పలుచగా సాగుతుంది. అంటే పరుచుకోవడానికీ గడ్డకట్టడానికీ మధ్య పోటీ జరుగుతోందన్న మాట.

కరిగిన లోహపు చుక్క సంగతీ ఇంతే. యంత్ర భాగాలు అరిగిపోకుండా, తుప్పు పట్టకుండా వాటిపై కరిగిన లోహాన్ని తుంపరగా చిమ్మి పూత పూస్తారు. ఒక్కొక్క బొట్టు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అది సెకనుకు వంద మీటర్లకు పైగా వేగంతో వచ్చి తాకి, చదునై, గడ్డకడుతుంది. మనం రెప్ప వేసి తీసేలోగా ఈ పని వేలసార్లు జరిగిపోగలదు!

ఇంత వేగంగా జరిగేదాన్ని చూడడమెలా? ఇక్కడ కంప్యూటర్ ఆదుకుంటుంది. బొట్టు ఉన్న చోటును చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ఒక్కో గడిలో ద్రవం ఎంత, దాని వేగమెంత, వేడి ఎంత అని క్షణక్షణానికీ లెక్క కడతారు. ఆ లెక్కలే తెర మీద బొమ్మలవుతాయి.

అయితే ఇక ప్రయోగాలు అక్కరలేదా? ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, స్టీలు పలక మీద పడే తగరపు చుక్కలను కంప్యూటర్‌తో లెక్కగట్టి 1998లో ఆ వివరాలు ప్రచురించారు. లెక్కకు ఒక అంకె కావలసివచ్చింది: చుక్క నుంచి పలకలోకి వేడి ఎంత సులువుగా దిగుతుంది? నున్నగా కనబడే పలక మీద కూడా కంటికి కనబడని ఎగుడుదిగుళ్లుంటాయి. వాటిలో చిక్కిన గాలి వేడిని అడ్డుకుంటుంది. ఎంతగా అన్నది కంప్యూటర్ తనంతట తాను చెప్పలేదు. అందుకని వారు నిజంగానే తగరం కరిగించి చుక్కలు పడవేశారు, ఫోటోలు తీశారు, పలక ఎంత వేడెక్కిందో కొలిచారు. ఆ కొలతలతో పోల్చి చూసి ఆ అంకెను రాబట్టారు.

చూశారా! తెర మీది చుక్క కూడా పలక మీది చుక్కనే అడగవలసి వచ్చింది. అందుకే, తెర మీద ప్రయోగం చూపించి ప్రయోగశాలకు తాళం వేయడం పొరపాటని నా అభిప్రాయం. బడిలో రెండూ ఉండాలి.

ఈ ఆదివారం పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని ఒక పని చేయండి. రెండు స్టీలు పళ్లాలు తీసుకోండి. ఒకటి నీడలో, ఒకటి ఎండలో ఉంచండి. రెండింటి మీదా ఒకే ఎత్తు నుంచి మైనం చుక్కలు పడనివ్వండి. ఏది ఎంత వెడల్పవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. తరువాత స్కేలుతో కొలవండి. మీ అంచనా తప్పిందా? ఎందుకు తప్పిందో ఆలోచించండి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.