కాస్త ఆ పాట ఆపండి బాబూ

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "బాబాయ్, పాపికొండలు వెళ్తున్నాం. నువ్వు మొన్నేగా వెళ్లొచ్చావు, ఏమేం తీసుకెళ్లాలో చెప్పు" అన్నాడు. "చెవుల్లోకి దూది తీసుకెళ్లు నాయనా" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

పోయిన ఆదివారం గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. ఇడ్లీ పొట్లం విప్పానో లేదో, స్పీకర్ అందుకుంది. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ఓ కుర్రాడు ముందు నిలబడి చూపించాడు, కానీ పాట మాత్రం ఆపలేదు. అతని పెదాలు కదలడం కనిపించింది, అంతే. నా పక్కన కూర్చున్న పెద్దావిడ జాకెట్‌ని కండువాలా మెళ్లో వేసుకుని ఊరుకుంది. నడుం దగ్గర బెల్టు బిగించకపోతే నీళ్లలో అది పైకి జారిపోతుందని ఆ గోలలో ఎవరు చెప్తారు, ఆవిడకేం వినపడుతుంది? సైగలు చేసి నేనే బిగించాను.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు 2019 సెప్టెంబర్ 15ని గుర్తు తెచ్చుకోండి. కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో, 77 మంది ఉన్న బోటు తిరగబడింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. వాళ్లనూ దగ్గరి ఊళ్ల గిరిజనులు నాటుపడవలేసుకుని వచ్చి లాగారు. ఉక్కపోతకో భోజనానికో జాకెట్లు విప్పేసినవాళ్లు చాలామంది ఉన్నారని బతికినవాళ్లే చెప్పారు. బోటును పైకి లాగడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం రావాల్సి వచ్చింది, నెల దాటిపోయింది.

అందుకని, ఒరేయ్ అబ్బాయ్, విను. వర్షాకాలం జోలికి పోకు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను, నీళ్లు నిదానంగా ఉంటాయి, పొద్దున్నే మంచు కూడా దొరుకుతుంది. జాకెట్ రేవులోనే కట్టుకో, మళ్లీ రేవులోనే విప్పు. కొండలు దగ్గరపడగానే అందరూ ఫోన్లెత్తుకుని ఒకే పక్కకి ఉరుకుతారు, లాంచీ అటు ఒరుగుతుంది. నువ్వు ఉరకకు. కొండ ఎక్కడికీ పోదు, మలుపు తిరిగాక ఇటువైపూ కనిపిస్తుంది. టోపీ, మంచినీళ్లు, పిల్లలకి వాంతుల మాత్ర ఎలాగూ మీ ఆవిడ సర్దుతుంది.

మళ్లీ స్పీకర్ దగ్గరికి వస్తాను. నా బాధంతా అదే. 'అందాల రాముడు' (1973)లోనూ, 'గోదావరి' (2006)లోనూ లాంచీ మీద పాటలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిని మనం హాల్లో కూర్చుని విన్నాం, కొండల్ని కూర్చోబెట్టి వినిపించలేదు. నది సన్నబడి, రెండు పక్కలా కొండలు మీదికొచ్చే చోట ఏం వినిపిస్తుందో తెలుసుకుందామని ఇంత దూరం వస్తే, అక్కడే సరిగ్గా డీజే రీమిక్స్. "జనం అడుగుతున్నారండీ" అంటాడు లాంచీ మనిషి. నేనూ జనమే కదా, నేను అడగలేదే? పేరంటాలపల్లిలో దిగి గుడివైపు మెట్లెక్కాక, వాగు నీళ్లు రాళ్ల మీద పడే చప్పుడు వినిపించింది. ఆ రోజు మొదటిసారి నా చెవులు నావనిపించింది. వెదురుబొమ్మలమ్మే ఆవిడ ధర చెప్తే ఒక్కసారికే అర్థమైంది. ఇరవై నిమిషాలకల్లా హారన్ కొట్టి పిలిచేశారు.

తిరుగు ప్రయాణంలో గైడు మైకు పట్టుకున్నాడు. ఏ హీరో ఏ ఇసుకతిన్నె మీద డాన్సు చేశాడో ఒక్కటీ వదల్లేదు. కచ్చులూరు దాటాం, ఆ పేరు ఎత్తలేదు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరదొచ్చినప్పుడల్లా దేవీపట్నం మండలంలో ఇళ్లు కప్పుల దాకా మునిగాయి, జనం పునరావాస కాలనీలకు పోయారు. ఆ ఊళ్ల ఊసూ లేదు. మనం నది మీద టిక్కెట్టు కొనుక్కుని తిరుగుతున్నామంటే ఎవరి వాకిట్లోంచి తిరుగుతున్నామో ఒక్క ముక్క చెప్పొద్దూ?

ఒడ్డుకి కాస్త ఇవతల, నీళ్లలోంచి ఓ కరెంటు స్తంభం తల బయటికి కనిపించింది. ముందు వరసలో పదేళ్ల పిల్లాడు దాన్ని చూపించి అదేంటని గైడుని అడిగాడు.

"ఊరు బాబూ, ఇదివరకు" అని, మైకు పక్కన పెట్టి తర్వాతి పాట వేశాడు.