సమ్మతి ఎవరిది?

కాలుష్య నియంత్రణ మండలి వాడే మాటల్లో ఒకటి నాకు ఎన్నటికీ మింగుడు పడదు: కన్సెంట్. ఫ్యాక్టరీ కట్టడానికి కన్సెంట్, నడపడానికి ఇంకో కన్సెంట్. అంటే సమ్మతి. పొగ పీల్చేది ఒకరు, సమ్మతించేది వేరొకరు.

మాది నల్లగొండ. నీళ్ల గురించి సర్కారు మాటను ఊరికే నమ్మే అలవాటు మాకు లేదు. ఫ్లోరైడ్‌తో వంగిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే దామరచర్ల కథను తేదీల వరుసలో చెప్తా.

యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం: ఐదు యూనిట్లు, 4,000 మెగావాట్లు. పేరు గుట్ట మీది నరసింహస్వామి క్షేత్రానిది, ఉన్నది మాత్రం ఎక్కడో దూరంగా కృష్ణ దిక్కు. 2015 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది 2017 జూన్‌లో. ముహూర్తం పెట్టి, పత్రికలు పంచి, ఆ తర్వాత పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు.

2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని పక్కన పెట్టి, అదనపు అధ్యయనాలు చేయమంది. 2024 ఫిబ్రవరిలో వీర్లపాలెంలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పటికే చిమ్నీలు ఆకాశంలో ఉన్నయి. అదే ఏడాది డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. సర్కారు మారింది, పద్ధతి మారలేదు.

ఇది ఒక పార్టీ తప్పయితే ఇంత రాయను. లోపం చట్టంలోనే ఉంది. 1974 నీటి కాలుష్య చట్టం ప్రకారం మండలి అధ్యక్షుణ్ని నామినేట్ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. అదే చట్టం 18వ సెక్షన్, ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడాలని చెప్తుంది. దామరచర్లలో ప్లాంటు కడుతున్న జెన్‌కో కూడా ప్రభుత్వానిదే. బొగ్గు కాల్చేది, ఆ పొగను కొలిచేది ఒకే ఇంటి మనుషులు. ఇంటి పెద్దకు ఎదురు చెప్పే కోడలెవరు?

ఇక బహిరంగ విచారణ. దాన్ని ఏర్పాటు చేసేది కాలుష్య నియంత్రణ మండలే. 2006 నోటిఫికేషన్ ప్రకారం అక్కడ ఇంతమంది ఉండాలన్న కోరం లేదు. వందల పేజీల ప్రభావ మదింపు నివేదిక ఇంగ్లీషులో ఉంటది, తెలుగులో దొరికేది దాని సారాంశమే. తెలుగు చచ్చిపోతుందని సాహిత్య సభల్లో కన్నీళ్లు పెట్టుకునే మనం, దామరచర్ల రైతుకు తన గాలి గురించి తన భాషలో చదివే హక్కు ఉండాలని ఎప్పుడన్నా అడిగినమా?

జనం మాట చెల్లిన సందర్భాలు లేకపోలేదు. 2003 ఆగస్టులో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం మీద విచారణ జరిగితే జనం వద్దన్నారు. అక్కడ ఇప్పటికీ గని తెరవలేదు. పాత పాలమూరు జిల్లాలోని అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ వద్దని జనం లేచినంక, 2019 సెప్టెంబరులో నల్లమలలో తవ్వకాలు వద్దంటూ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మంచిదే. కానీ యురేనియం కేంద్రానిది, బొగ్గు ప్లాంటు తనది. పక్కింటి పొయ్యి పొగ మీద తీర్మానం చేయడం సులువు.

'కరెంటు వద్దా మరి?' అంటారు. నాగార్జునసాగర్ కాలువ ఎక్కని ఊర్లలో బోరు మోటారే దిక్కని తెలిసినవాణ్ని, కరెంటు వద్దని ఎట్లంట? హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చొని ఇది రాస్తున్న నాకు ఆ మాట అనే హక్కు అసలే లేదు. నేనడిగేది వరుస మార్చమని. విచారణ ముందు, శంకుస్థాపన తర్వాత. నివేదిక మొత్తం తెలుగులో, పంచాయతీ ఆఫీసులో. చిమ్నీ నుంచి రోజూ ఏమొస్తుందో ఊరి బోర్డు మీద. 18వ సెక్షన్ కింద సర్కారు మండలికి ఇచ్చే ప్రతి ఆదేశం బహిరంగంగా.

ఇవి కుదరవంటే, కనీసం ఆ కాగితం మీద 'కన్సెంట్' అన్న మాట తీసెయ్యండి. 'ఉత్తర్వు' అని రాయండి. అబద్ధం ఒకటన్నా తగ్గుతది.