గన్నవరపు గ్రామములు ఏమి కోరవలయును?

విజయవాడ విమానాశ్రయమని లోకము పిలుచుచున్నది. కాని యది నిలిచిన నేల విజయవాడది కాదు. నగరమునకు సుమారు 20 కిలోమీటరుల దూరమున, 16వ జాతీయ రహదారి చెంత, గన్నవరము, కేసరపల్లి, బుద్ధవరము, అజ్జంపూడి గ్రామముల పొలములు దానికి పీఠమైనవి. 2022లో జిల్లాలను విభజించినప్పుడు నగరము ఎన్.టి.ఆర్. జిల్లాకును, ఈ గ్రామములు కృష్ణా జిల్లాకును చెందినవి. పేరు నగరముది, భూమి పల్లెది. విమానమెక్కువారు వేరు, విమానము క్రింద కాపురముండువారు వేరు. ఈ రెండవవారి పక్షమున ఎవరు, ఏమి, ఏ క్రమమున అడుగవలయునను ప్రశ్న నేడు విచారింపదగియున్నది.

మేము విమానాశ్రయమునకు విరోధులము కాము. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకు పనికివచ్చిన మైదానము 2017 జనవరిలో క్రొత్త టెర్మినలును పొందెను. ఆ సంవత్సరము మే నెలలోనే కేంద్రమంత్రివర్గము దానికి అంతర్జాతీయ హోదా నొసగెను. 2,286 మీటరుల రన్వే 3,360 మీటరులై 2021లో వాడుకకు వచ్చెను. రోగికిని, వర్తకునకును, దూరదేశమున చదువు బిడ్డలు గల తల్లిదండ్రులకును ఇది ఉపకారమే. అయితే నలుగురి మేలునకై కొందరు త్యాగము చేసినప్పుడు, ఆ త్యాగమునకు లెక్క వ్రాసి చూపవలసిన బాధ్యత ఆ నలుగురిది.

ఇప్పటి పద్ధతి యెట్లున్నది? మంత్రిగారు విమానము దిగుదురు. ఒక గ్రామపు పెద్దలు పూలమాలతో పాటు రహదారిని గూర్చి యొక కాగితమిత్తురు. వేరొక గ్రామమువారు ఉద్యోగములను గూర్చి, మరియొకరు తూమును గూర్చి కాగితము లిత్తురు. మంత్రిగారు చిరునవ్వుతో అన్నిటిని గైకొని కారెక్కుదురు. అన్నియు నడిగినవాడు ఏమియు నడుగనివానితో సమానుడు. కావున మొదట వలసినది క్రమము. పిమ్మట వలసినది ఐకమత్యము.

మొదటి కోరిక మాట నిలుపుట. విస్తరణకై సుమారు 700 ఎకరముల భూమి అవసరమయ్యెను. భూసమీకరణ పేర రైతులకు రొక్కమునకు బదులు అమరావతి రాజధాని ప్రాంతమున స్థలములును, ఏటేట కౌలును ఇత్తుమని ప్రభుత్వము వాగ్దానము చేసెను. 2014 జనవరి 1 నుండి అమలులోనున్న భూసేకరణ చట్టపు మార్గమును విడిచి, రైతు ప్రభుత్వపు మాటను నమ్మెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట పుట్టెను. 2022 మార్చిలో హైకోర్టు అమరావతి రైతుల పక్షమున తీర్పు చెప్పెను. 2024 పిమ్మట రాజధాని పనులు మరల నారంభమైనవి. ప్రభుత్వములు మారినవి, విధానములు మారినవి. ఇచ్చిన భూమి మాత్రము తిరిగి రాలేదు. ఏలూరు కాలువ నీటితో పండిన నేలపై ఇప్పుడు కాంక్రీటు పరచియున్నది.

కావున ఎవ్వరెన్ని సెంట్లిచ్చిరో, ఎవ్వరికే స్థలము చేరెనో, కౌలు ఎంతవరకు చెల్లెనో, ఇండ్లు కోల్పోయినవారికి ఎక్కడ ఇల్లు దొరకెనో గ్రామమువారీగా పట్టిక వ్రాసి పంచాయతీ కార్యాలయమున నంటింపవలయును. అందు భూస్వాముల పేళ్లు మాత్రమే యుండిన చాలదు. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ నేలను నమ్ముకొనిన కౌలుదారును, పాలికాపును, వ్యవసాయకూలిని గూడ 2013 నాటి చట్టము నష్టపోయిన కుటుంబములలో చేర్చియున్నది. స్థలము రైతునకు వచ్చిన, కూలికి వచ్చినదేమి? ఈ పట్టిక తీరువరకు మరియొక ఎకరము నడుగరాదని గ్రామములు ఏకకంఠమున చెప్పవలయును.

రెండవది పన్ను. వీధిదీపము, మురుగుకాలువ, చెత్తబండి, ఇవన్నియు పంచాయతీ సొమ్ముతో నడచునవి. రాజ్యాంగపు 285వ అధికరణము కేంద్రప్రభుత్వపు ఆస్తిని స్థానికపు పన్నునుండి తప్పించినమాట నిజమే. కాని స్థానికసంస్థలు చేయు సేవలకు కేంద్రము సేవారుసుము చెల్లించు పద్ధతి రాజకోట పురపాలక సంస్థ వ్యాజ్యమున 2009లో సుప్రీంకోర్టు యెదుట స్థిరపడినది. అదియును గాక, కేంద్రము స్థాపించిన కార్పొరేషనుల ఆస్తి కేంద్రపు సొంత ఆస్తితో సమానము కాదని ఆ న్యాయస్థానమే చెప్పియున్నది. మరి విమానాశ్రయమునుండి పంచాయతీలకు రావలసినదెంత, వచ్చినదెంత? పక్షులు మూగి విమానములకు ప్రమాదము కలిగింపకుండ, 10 కిలోమీటరుల లోపల చెత్త వేయుటను, పశువులను వధించుటను 1937 నాటి విమాన నిబంధనలు నిషేధించినవి. నిషేధము ఢిల్లీది, చీపురు పంచాయతీది. చీపురునకైన ఖర్చు నడుగుట యాచన కాదు.

మూడవది నీరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఏలూరు కాలువ ఈ ప్రాంతమునకు జీవనాడి. విస్తరణ దానిని గూడ మళ్లింపవలసిన యవసరమును తెచ్చెను. మళ్లించిన కాలువ చివరి పొలమువరకు పూర్వమువలెనే నీరందించునా యని చూడవలసినది పటములో కాదు, నాట్లవేళ చేలగట్టుపై. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన వైనము అందరెరుగుదురు. మైళ్లకొలది కాంక్రీటు పరచినచోట వాననీరు ఇంకదు. పరుగెత్తి పల్లమునకు జేరును. ఆ పల్లమున నుండువారు మనుష్యులు. కావున ప్రాకారములోపలి నీరు ఏ కాలువ ద్వారా, ఎంత పరిమాణమున వెలుపలికి వచ్చునో ప్రకటింపవలయును.

నాల్గవది చప్పుడును, మేడల ఎత్తును. 2018లో కేంద్ర పర్యావరణశాఖ ప్రకటించిన ప్రమాణము ననుసరించి, మిక్కిలి రద్దీ గల విమానాశ్రయములు గాక తక్కినవాటి ధ్వనిమండలమున పగలు 65, రాత్రి 60 డెసిబెలులు మించరాదు. పాఠశాలయొద్దను ఆసుపత్రియొద్దను కొలిచి, ఆ అంకెలను తెలుగున ప్రకటించిన గదా ప్రమాణమునకు విలువ! అట్లే 2015 నాటి నిబంధనలను బట్టి విమానమార్గము క్రింద కట్టు మేడకు ఎత్తు మితి కలదు; పైకట్టునకు అనుమతిపత్రము కావలసియుండును. రెండవ అంతస్తు వేసికొనదలచిన గృహస్థుడు దళారీని వెదకికొనుచు పోనేల? ఎత్తుల పటమును పంచాయతీ గోడకు తగిలించిన చాలును.

ఇట్లడుగుట అభివృద్ధికి అడ్డుపడుట యని కొందరందురు. భోగాపురమున మొదట 15 వేల ఎకరముల మాట వినవచ్చెను. గ్రామములు ఎదిరించిన పిమ్మట ఆ కోరిక మూడువేల లోపునకు దిగెను. విమానాశ్రయము ఆగలేదు, అనవసరమైన ఆకలి మాత్రమే యాగెను. లండనునందు హీత్రూ విమానాశ్రయపు ప్రక్కనున్న హిల్లింగ్డను మొదలగు స్థానికసంస్థలు ఏకమై న్యాయస్థానమునకు పోయి, మూడవ రన్వేను గూర్చిన నిర్ణయమును ప్రభుత్వము మరల విచారింపవలయునని 2010లో తీర్పు పొందినవి. వివాదము పిమ్మట పెక్కు మలుపులు తిరిగినను, తమను విచారింపక పనిచేయరాదని ఆ సంస్థలు లోకమునకు చాటినవి.

మన దోషమును గూడ దాచరాదు. పొలము ధర పెరిగినప్పుడు సంతోషించి, పొరుగువాని ఇల్లు పోయినప్పుడు మౌనము వహించినవారు మనలో లేరా? గ్రామపు కోరికల నడుమ తమ బంధువుల ఉద్యోగపు కాగితమును చొప్పించిన పెద్దలు లేరా? ఐకమత్యము లేనిచోట హక్కు బిచ్చమై పోవును.

కావున గన్నవరపు గ్రామములన్నియు ఒకే దినమున గ్రామసభలు జరిపి, ఈ నాలుగు కోరికలను ఇదే క్రమమున తీర్మానించి, ఒకే కాగితముపై సంతకములు చేయవలయును. పార్లమెంటు సభ్యుని అధ్యక్షతన జరుగు విమానాశ్రయ సలహాసంఘమున సర్పంచులకు పీఠము నడుగవలయును. 73వ రాజ్యాంగసవరణ పంచాయతీలకు స్వపరిపాలన పేరు నిచ్చియున్నది. ఆ పేరును సార్థకము చేసికొనుట మనవంతు. నగరవాసులకును ఇందు భాగము కలదు. విమానపు కిటికీనుండి క్రిందికి చూచునప్పుడు పచ్చని మడులు, ఎర్రని పెంకుటిండ్లు కనబడును. ఆ ఇండ్లవారి ఋణము మనకింకను తీరలేదని తలచినవారు, ఆ కాగితము తమయొద్దకు వచ్చిననాడు తామును సంతకము చేయుదురు గాక!