గుడ్ల అట్టలు పీకేయండి, పాత పరుపు నిలబెట్టండి

అనపర్తి వైపో తణుకు వైపో కోళ్లఫారం ఉన్న ఫ్రెండ్ ఒక్కడుంటే చాలు, గుడ్ల అట్టలు కట్టలకొద్దీ ఊరికే వచ్చేస్తాయి. మన జిల్లాల్లో ‘హోమ్ స్టూడియో’ అనగానే ముందు ఆ అట్టలే గుర్తుకురావడానికి కారణం అదేననుకుంటా. పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న ఒక్క గోడకే దాదాపు 120 అట్టలు పడతాయి. నేనూ అంటించాను. రెండు ఆదివారాలు, మూడు డబ్బాల జిగురు. అంతా అయ్యాక గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే, గది మునుపటిలాగే ఖంగుమంది. బొద్దింకలకు మాత్రం మంచి వసతి దొరికింది.

వాయిస్ ఓవర్లు, ఆడియోబుక్కులు, పాడ్‌కాస్టులు, యూట్యూబ్ పాఠాలు. ఇవన్నీ ఇవాళ రాజమండ్రిలోనో అమలాపురంలోనో కూర్చుని, హైదరాబాద్ బస్సెక్కకుండా చేయగల పనులు. 1936లోనే దుర్గా సినీటోన్ స్టూడియో వెలసిన ఊరు మా రాజమండ్రి. ఇప్పుడు స్టూడియో కోసం ఊరు మారక్కర్లేదు, పడకగది చాలు. కానీ చిక్కంతా ఆ పడకగదితోనే. శాంపిల్ పంపిస్తాం, సెలెక్ట్ కాలేదని మెయిల్ వస్తుంది. ముందు మన గొంతును అనుమానిస్తాం, తర్వాత మైకును. గదిని ఎవరూ అనుమానించరు. నా శాంపిల్ విన్నవాళ్లలో ఒకాయన మాత్రం గొంతు బాగానే ఉందని, గొంతు కంటే గదే ఎక్కువ వినిపిస్తోందని రాశారు. అప్పటికే నేను పద్నాలుగు వేలు పెట్టి కొత్త మైకు కొన్నాను. మంచి మైకు కదా, గదిని ఇంకా శుభ్రంగా పట్టింది!

మీ గది ఎలా కట్టారో ఓసారి చూడండి. పైన స్లాబు, చుట్టూ సిమెంటు ప్లాస్టరింగు, కింద టైల్స్, కిటికీకి అద్దం, మూలన ఇనప బీరువా. వీటిలో ఏదీ శబ్దాన్ని మింగదు, వెనక్కి కొడుతుంది. తాతల నాటి పెంకుటింట్లో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. అక్కడ గొంతు పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. మన డాబా గదిలో అది నాలుగు గోడల మధ్య బంతిలా తిరుగుతూ, మైకులోకి పదేపదే వచ్చి పడుతుంది.

ఈ లెక్క తేల్చినాయనకి అప్పుడు 27 ఏళ్లు. పేరు వాలస్ సబీన్, హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే కుర్ర లెక్చరర్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మాట ఐదు సెకన్లకు పైగా గాల్లోనే మోగేది. సబీన్ రాత్రిపూట, ఊరంతా నిద్రపోయాక, పక్కనున్న థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఆర్గాన్ గొట్టం మోగించి, అది ఆగేదాకా స్టాప్‌వాచీతో కొలిచేవాడు. తెల్లారేలోగా కుషన్లు మళ్లీ వాటి చోటికి చేరాలి. ఆ తిప్పలన్నిటి నుంచి వచ్చిందే సబీన్ సూత్రం: గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువసేపు ఉంటుంది, అందులో మింగే సరుకు ఎంత ఎక్కువైతే అంత తొందరగా చస్తుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్ ఆయన లెక్కలతో కట్టిందే. గమనించారా, ఆయన మొదలుపెట్టింది ఫోమ్ షీట్లతో కాదు, కూర్చునే మెత్తలతో.

ఆ సూత్రంలో మన 12 బై 10 గదిని, పదడుగుల స్లాబుతో పెట్టి చూడండి. ఖాళీగా ఉంటే మోత రెండు సెకన్ల దాకా ఉంటుంది. మాట రికార్డింగుకి అది 0.3, 0.4 సెకన్లకు దిగాలి. అంటే శబ్దాన్ని బాగా మింగే సరుకు సుమారు 120 చదరపు అడుగులు గదిలోకి రావాలి. భయపడకండి, అందులో సగం మీ ఇంట్లోనే ఉంది. మంచమ్మీద పరుపు 30 అడుగులు, కిటికీకి మడతలు పడేలా వేలాడదీసిన మందపాటి కర్టెన్ ఇంకో పాతిక. బీరువా ముందు ఒక బొంత, కింద జంపఖానా. తలుపులు తీసేసిన బట్టల అర కూడా పనికొస్తుంది.

మరి గుడ్ల అట్ట ఎందుకు పనిచేయలేదు? మింగడానికి దానికి మందం లేదు. కాగితం గుజ్జు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. గుంటలు గుంటలుగా ఉంది కాబట్టి పైస్థాయి శబ్దాలను కాస్త అటూ ఇటూ చెదరగొడుతుంది, అంతే. ఖంగు కాస్త తగ్గినట్టనిపిస్తుంది, గుయ్యిమనే మోత అలాగే ఉంటుంది. పైగా అది కాగితం. వైర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఉన్న గదిలో గోడ నిండా కాగితం అంటించుకుని తలుపేసుకోవడం తెలివైన పని కాదు. ఆన్‌లైన్లో వచ్చే అంగుళం మందం ఫోమ్ ముక్కలూ దాదాపు ఆ కోవలోవే. శబ్దం ఎంత కిందిస్థాయిదైతే దాన్ని పట్టడానికి అంత మందం కావాలి. వెయ్యి హెర్ట్జ్‌కి మూడున్నర అంగుళాల లోతు సరిపోతే, వంద హెర్ట్జ్‌కి దాదాపు మూడడుగులు కావాలి.

ఇక్కడే కోనసీమవాళ్లకి ఒక సదుపాయం ఉంది. కొబ్బరి పీచు మంచి శబ్దశోషకం. మలేషియా జాతీయ విశ్వవిద్యాలయంలో దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. పైస్థాయి శబ్దాలను బాగా మింగుతుంది, కిందివాటి దగ్గర తడబడుతుంది, వెనక కొంచెం గాలి ఖాళీ వదిలితే ఆ తడబాటు తగ్గుతుంది. అందుకే స్ప్రింగ్ పరుపు కొన్నాక అటకెక్కించిన మీ పాత కాయిర్ పరుపు పారేయకండి. గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ఎడంగా నిలబెట్టండి. బూరుగుదూది పరుపైతే ఇంకా మేలు, కాకపోతే నిలబడదు. వెనకాల చట్రం చేయించాలి. అద్దెకొంపైతే మేకులు కొట్టనివ్వరుగా. మా వడ్రంగి కాళ్లున్న చట్రం చేసిచ్చి, “ఆయ్, గోడ జోలికెళ్లక్కర్లేదండి” అన్నాడు.

పరుపు ఎక్కడ పెట్టాలనేదాంట్లో చాలామంది బోల్తాపడతారు. యూట్యూబుల్లో చూసి ఫోమంతా మైకు వెనక గోడకి పెడతారు. కానీ మనం వాడే కార్డియాయిడ్ మైకు చూసేది మనవైపు. మన వెనకున్న గోడ నుంచి వచ్చే మోతే అది బాగా పట్టేది. కాబట్టి మొదటి పరుపు మీ వీపు వెనక. రెండోది ఉంటే పక్కన. మైకుని రెండడుగుల దూరం నుంచి అరడుగుకి జరిపితే గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత పెరగదు. దీనికి ఖర్చు సున్నా.

ఇంకో మాట. గది 10 బై 10, స్లాబు కూడా పదడుగులా? అయితే మీది పెట్టె. మూడు వైపులా ఒకే కొలత కావడంతో 57 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 114 దగ్గర శబ్దం పోగుపడుతుంది. 114 అంటే సరిగ్గా మగవాళ్ల గొంతు ఉండే చోటు. ఆ రెట్టింపు మోత అన్నిటికన్నా గట్టిగా వినిపించే చోట్లలో గది నట్టనడుమ ఒకటి, మూలలు మరొకటి. టేబుల్‌ని అక్కడి నుంచి జరపండి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ గది ఎక్కడ మూలుగుతుందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది.

పరుపులు బయటి శబ్దాన్ని ఆపవు. ఇది ముందే తెలిస్తే చాలా నిరాశ తప్పుతుంది. బయటి మోతని ఆపేది బరువు, అంటే గోడ మందం, తలుపు మందం, సందులు లేకపోవడం. తలుపు కింది సందుకి రబ్బరు పట్టీ వేయడం మనవల్ల అయ్యే పని. మిగతాది టైము చూసుకోవడమే. ఆడియోబుక్కులకు చాలామంది కొలబద్దగా తీసుకునే ఏసీఎక్స్ నిబంధనల ప్రకారం, మాట లేనప్పుడు మిగిలే శబ్దం మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాన్ తిరుగుతుంటే అది అయ్యే పని కాదు. స్టేషన్ దగ్గరున్నవాళ్లకి రైళ్లు ఉండనే ఉన్నాయి. సబీన్‌లా అర్ధరాత్రి రికార్డు చేద్దామంటే, భీమవరం, ఉండి వైపు ఊళ్లలో అప్పుడే చెరువుల మీద ఏరేటర్లు మొదలవుతాయి. మీ ఊరు ఏ గంటలో నోరు మూసుకుంటుందో ఓ వారం ఫోన్లో రికార్డు చేసి చూడండి. మాకు తెల్లవారుజామున మూడున్నర నుంచి ఐదు.

మే నెలలో ఫ్యాన్ ఆపి, చుట్టూ పరుపులు పెట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పావుగంట చదవడం, పావుగంట ఫ్యాను. వానాకాలంలో ఇంకో తలనొప్పి, చెమ్మ. పరుపు వెనక గోడకి బూజు పట్టకుండా వారానికోసారి జరిపి కిటికీ తెరవాలి. కీబోర్డు, డప్పు లాంటివి పెట్టి పాటల మిక్సింగ్ కూడా ఇందులోనే చేసేస్తానంటే మాత్రం నేను వద్దంటాను. కింది స్వరాలకు ఈ మందాలు చాలవు. మాటకి చాలు.

గోడ మీది అట్టలు పీకి, పరుపు నిలబెట్టిన రోజు అమ్మ గుమ్మంలో నిలబడి, “ఏంట్రా, ఇల్లు ఖాళీ చేస్తున్నామా?” అంది. అదే పాత శాంపిల్ మళ్లీ చదివి పంపాను. ఈసారి గది గురించి ఎవరూ ఏమీ రాయలేదు, పని ఇచ్చారు. ఇప్పుడు క్లయింట్లకి ముందే చెప్పేస్తున్నా, జనవరి 12 నుంచి 17 దాకా రికార్డింగులు ఉండవని. సంక్రాంతికి అక్కాబావలు వస్తారు, పరుపులన్నీ కిందికి దిగాలి.