పెరట్లో నల్ల మల్బరీ

జగిత్యాల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది: “మా ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. నల్ల మల్బరీ చెట్టు పెట్టాలని ఉంది. ఆ పండు తింటే రక్తం పడుతుందనీ, ఆకు కాచి తాగితే షుగరు పోతుందనీ అందరూ అంటున్నారు. మా అమ్మాయికి రక్తం తక్కువ. మా మామగారికి షుగరు. ఆయన మాత్రలు మానేసి ఆకు కషాయం మొదలుపెడతానంటున్నారు. మీరేమంటారు?”

చెట్టు తప్పకుండా పెట్టండమ్మా. మామగారి చేత మాత్రలు మాత్రం మాన్పించకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేశాను గనుక ఇహ వివరాల్లోకి వెళదాం.

శాస్త్రజ్ఞులు నల్ల మల్బరీ అనే అసలు జాతి ఇరాన్ వైపు చలిదేశాలది. దానికి గట్టి చలికాలం కావాలి. రామగుండం ఎండలు దానికి పడవు. మన నర్సరీల్లో ఆ పేరుతో ఇచ్చేది చాలావరకు పట్టుపురుగులకు ఆకు మేపే జాతే, లేదా దాని దగ్గర చుట్టం. దాని పండు కూడా మొదట ఆకుపచ్చగా ఉండి, ఎర్రబడి, పండాక నల్లగా నిగనిగలాడుతుంది. ఉర్దూ తెలిసినవారు షహతూత్ అనేది దీన్నే. కాబట్టి మీకేమీ నష్టం లేదు. చెన్నూరు, మహదేవపూర్ వైపు వారిని పట్టుపురుగుల చెట్టు ఏదని అడిగితే మద్దిచెట్టును చూపించవచ్చు. అది దసలి పట్టు సంగతి. ఆ పురుగూ వేరు, ఈ చెట్టూ వేరు.

గింజ నాటి ఏళ్లకేళ్లు ఎదురు చూడకండి. బాగా కాసే చెట్టు నుంచి పెన్సిలు లావు ముదురు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేలా కోసుకోండి. మృగశిర కార్తె వానలు పడ్డాక, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. వేరు పట్టకముందే చిగురు వస్తుంది. అది చూసి సంబరపడి పీకి మరోచోట నాటితే చచ్చిపోతుంది. రెండు మూడు నెలలు ఆగండి. గోడకూ, సెప్టిక్ ట్యాంకుకూ 12 అడుగులైనా ఎడం ఉంచండి. ఆదిలాబాదు వైపు నల్లరేగడి అయితే మట్టి దిబ్బగా పోసి దాని మీద నాటాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. చెల్క నేల అయితే ఎండాకాలంలో మొదట్లో గడ్డీ గాదమూ కప్పి నాలుగైదు రోజులకోసారి తడపండి. కాత కొత్త కొమ్మలకే వస్తుంది. అందుచేత కాపు అయిపోగానే మొహమాటపడకుండా కత్తిరించండి. చేతికందే ఎత్తులోనే పండ్లు కాస్తాయి.

కాసే చెట్టు కొమ్మే ఎందుకన్నానో కూడా చెబుతాను. మల్బరీలో మగ పూల పుప్పొడి గాలిలో ఎగిరి, పడని వారికి తుమ్ములూ ఆయాసమూ తెస్తుంది. అమెరికాలోని లాస్ వెగాస్ ప్రాంతంలో 1991లో మగ మల్బరీలు నాటడాన్నే నిషేధించారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పండు కాసే ఆడ చెట్టు కొమ్మనే తెచ్చుకోండి.

ఇహ రక్తం మాట. పండు రసం రక్తంలా ఉంటుంది గనుక ఈ నమ్మకం పుట్టి ఉంటుంది. ఆ రంగు ఇనుముది కాదు. నేరేడు పండుకు రంగునిచ్చే పదార్థాల వంటివే ఇందులోనూ ఉన్నాయి. 100 గ్రాముల మల్బరీలో ఇనుము 2 మిల్లీగ్రాముల లోపే. మన దేశంలో ఒక స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. అయితే అదే 100 గ్రాముల్లో ‘సి’ విటమిను 36 మిల్లీగ్రాములుంది. అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టేందుకు అది సాయపడుతుంది. అందుచేత మీ అమ్మాయికి పండ్లు భోజనంతో పాటే గుప్పెడు పెట్టండి. తినగానే టీ ఇవ్వకండి. టీ ఆ సాయాన్ని పాడు చేస్తుంది. డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు యథాప్రకారం వేయాల్సిందే. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా గుర్తు చేసుకోండి.

మామగారి విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఆకులో షుగరు మీద పనిచేసే పదార్థం ఉన్నమాట నిజం. జపాను శాస్త్రజ్ఞులు 1976లో మల్బరీ వేరు బెరడు నుంచి దాన్ని వేరుచేశారు. అది పేగులో పిండిపదార్థం చక్కెరగా మారే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. లోపించిన ఇన్సులిన్ను తెచ్చిపెట్టదు. పైగా ఆ పదార్థం ఒక ఆకులో ఎక్కువ, మరో ఆకులో తక్కువ. లేత ముదురులను బట్టి కూడా మారుతుంది. గ్లాసు కషాయంలో ఎంత ఉందో ఇంట్లో ఎవరు కొలవగలరు? మాత్రలు మానేసి దాన్నే నమ్ముకుంటే షుగరు లోలోపల పెరిగి కళ్లనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. మాత్రలు వేసుకుంటూ చిక్కగా తాగితే షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. కషాయం మీద అంత మనసుంటే ముందు డాక్టరుకు చెప్పి, పరీక్షలు చేయించుకుంటూ తాగమనండి. పండు ఆయనా తినవచ్చు. 100 గ్రాముల్లో పిండిపదార్థం, చక్కెర కలిపి 10 గ్రాముల లోపే. షర్బత్ చేసి చక్కెర పోస్తే ఆ లెక్క తప్పుతుంది.

పచ్చికాయలు పిల్లల్ని తిననివ్వకండి, కడుపులో తిప్పుతుంది. తాకగానే రాలేదే పండిన పండు. పిట్టలూ గబ్బిలాలూ కొరికినవి పారేయండి. కాపు మీద పురుగుమందు వద్దు. చిగుళ్లు ముడుచుకుని తెల్లటి పిండినల్లి కనిపిస్తే ఆ చివర్లు తుంచి కాల్చేయండి. బట్టల మీద మరక పడితే సబ్బుకన్నా ముందు నిమ్మకాయ రుద్దండి.

ఈలోగా మామగారికి పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి షుగరు పరీక్ష చేయించండి. అమ్మాయికి హిమోగ్లోబిన్ చూపించండి. 12 ఏళ్లు దాటిన పిల్లకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఆ అంకెలు వేసి మళ్లీ ఒక ఉత్తరం రాయండి.